కూలింగ్ టవరుకు గీత లేని చోటు

ఆ రోజు ఉదయం బకెట్ల ఫ్యాక్టరీ మేనేజరుగారు అద్దం ముందు నిలబడి టై ముడి బిగించుకుంటూ, తాను చేయబోయే పని ఎంత తేలికైనదో తలచుకొని లోలోపల మురిసిపోతున్నారు. కొత్త కూలింగ్ టవరు లారీ ఎక్కి బయలుదేరింది. మధ్యాహ్నానికి క్రేను వస్తుంది. అది వచ్చేలోగా టవరును ఎక్కడ దింపాలో చూపించాలి. ఫ్యాక్టరీకి విశాలమైన పెరడు ఉంది, స్టోరులో సున్నం ఉంది, తనకు బుర్ర ఉంది. ఇంకేం కావాలన్నది ఆయన ధీమా.

"ఇంతకీ ఎక్కడ పెట్టిస్తున్నారు?" అని భార్య టీ కప్పు అందిస్తూ అడిగింది.

"చెప్పను."

"నాకు కూడానా?"

"నీకు చెబితే మీ తమ్ముడికి చెబుతావు. మీ తమ్ముడికి చెబితే ఫ్యాక్టరీ అంతటికీ చెప్పినట్టే. ఇక ప్రతివాడూ ఒక సలహా పట్టుకుని నా గది ముందు నిలబడతాడు."

"సలహా వింటే తప్పేముంది?"

"తప్పు లేదు. టైము లేదు."

ఆ తొందరకు కారణం లేకపోలేదు. బకెట్ల అచ్చులను చల్లబరిచే నీళ్లు యంత్రాల్లో తిరిగి తిరిగి వేడెక్కుతాయి. ఆ వేడి నీటిని పైనుంచి జల్లులా వదిలి, పెద్ద ఫ్యాను గాలితో చల్లార్చి, మళ్లీ అచ్చులకు పంపించేదే కూలింగ్ టవరు. పాత టవరు తుప్పు పట్టి పట్టి, ఒకనాడు ఎవరూ ముట్టుకోకుండానే అడుగు ఊడి చతికిలబడింది. నాటి నుంచి అచ్చులు సరిగా చల్లారడం లేదు. బకెట్లు మెత్తగా ఉండగానే బయటపడి, పక్కవారి మాటలు చాటుగా వింటున్నట్టు ఒకవైపు ఒరిగి నిలబడుతున్నాయి.

అటువంటి బకెట్ ఒకటి యజమాని చేతికి చిక్కింది. ఆయన దానిని ఇటూ అటూ తిప్పి చూసి, మేనేజరు వైపు తిరిగి, "కొత్త టవరు వచ్చిన రోజే నిలబడాలి. ఆ సాయంత్రమే మంచి బకెట్ నా చేతిలో పెట్టాలి. మీ వల్ల కాదంటే మొహమాటపడకుండా చెప్పేయండి. మా అల్లుడు ఇంట్లో ఖాళీగానే ఉన్నాడు" అని ఎంతో మర్యాదగా సెలవిచ్చారు. ఖాళీగా ఉండడంలో ఆ అల్లుడు ఎంతటి ఆరితేరినవాడో మేనేజరుకు తెలుసు. అతడు వచ్చి తన కుర్చీలో కూర్చుంటే ఫ్యాక్టరీ ఆగిపోతుందని ఆయనకు భయం లేదు. ఆగకుండా నడుస్తుందేమోనన్నదే భయం.

ఈ మేనేజరుగారికి కార్మికులు చాటున పెట్టుకున్న పేరు గీతలాయన. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఫ్యాక్టరీలో ఎవరి సామాను ఎక్కడ ఉందో ఎవరికీ తెలిసేది కాదు. తోపుడు బండికి అడ్డంగా మూటలు, మూటల మీద పైపులు, పైపుల మీద ఎవరిదో టిఫిన్ డబ్బా, ఆ డబ్బా కోసం రోజూ ఒక తగువు. ఆయన ఒక శుభోదయాన పురికొసా సున్నమూ తెప్పించి, ప్రతి వస్తువు చుట్టూ తెల్లగా గీత గీయించారు. గేటు దగ్గర నిలువెత్తు బోర్డు కట్టించి, "గీత లోపలి స్థలం ఎవరి కోసం గీస్తే వారిదే. లోపలి సామానును ఎవరూ కదపరాదు. ఇతరుల వస్తువు ఏదీ అందులో పెట్టరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించి, కింద "మేనేజరు" అని సంతకం చేశారు. అంతటితో తగువులు ఆగిపోయాయి. అప్పటి నుంచి అక్కడ గీత పడిందంటే కోర్టు తీర్పు వెలువడినట్టే. పైగా, సున్నం అడిగినవారిని ఎందుకని అడగకుండా ఇవ్వాలని స్టోరుకు శాశ్వతమైన ఆజ్ఞ కూడా జారీ చేశారు. క్రమశిక్షణ కోరి వచ్చినవాడిని నిలదీయడం సంస్కారం కాదని ఆయన సిద్ధాంతం.

స్టోరుకీపరు స్వయానా ఆ తమ్ముడే, అంటే ఆయన బావమరిది. సున్నం అతడి చేతిలో ఉంది కనుక అతడికొక్కడికీ చెప్పక తప్పలేదు. షిఫ్టు మొదలుకాక ముందే ఇద్దరూ పెరట్లోకి నడిచారు. పాత టవరు కింద నేల కుంగిపోయింది కనుక కొత్తదానిని అక్కడ పెట్టడానికి వీలులేదు. ఈ సంగతి వాళ్లిద్దరికి తప్ప మరెవరికీ తెలియదు. పాతదాని చోటే కొత్తది వస్తుందని అందరూ నిశ్చింతగా ఉన్నారు. మేనేజరు మాత్రం పెరడు నడిబొడ్డును ఎంచుకున్నారు. గోడలన్నీ దూరం, నాలుగు వైపులా గాలి, తుంపర పడినా ఎవరి మీదా పడదు. ఎటు చూసినా వంక పెట్టడానికి లేదు.

"బావా, ఇదెందుకని ఎవరైనా అడిగితే?" అన్నాడు బావమరిది మేకు పాతుతూ.

"ఫ్యాక్టరీలో బావా అనొద్దని చెప్పానా."

"సార్, ఇదెందుకని ఎవరైనా అడిగితే?"

"తెలియదను."

"నాకు తెలుసుగా."

"తెలిసినా తెలియదనే అను. క్రేను వచ్చేదాకా టవరు మాట నీ నోట్లోంచి రాకూడదు."

"ఎవరు నమ్ముతారు సార్? పురికొస రెండో కొస నా చేతిలోనే ఉందాయె."

"చెప్పింది చెయ్యి."

తెలియదని చెప్పడం ఒక విద్య. అది అందరికీ అబ్బదు. ఈ స్టోరుకీపరు తెలియదనేటప్పుడు పెదవి ఒక పక్కకు సాగేది, కనుబొమ ఒకటి పైకి లేచేది, చూపు ఆకాశం మీదికి పోయేది. చూసినవారికి ఇతడికి తెలియడమే కాదు, అది తమకు పనికివచ్చే సంగతే అయి ఉంటుందని అనిపించేది.

ఆ అవస్థలో అతడిని మొట్టమొదట చూసినది క్యాంటీన్ అక్క. యంత్రాల హాలు పక్కన ఉన్న ఇరుకైన నడవాయే ఆమె క్యాంటీను. అక్కడ అందరూ గోడకు వీపు ఆనించి నిలబడి తినవలసిందే. ఒకరి మోచేయి కదిలితే వరుస వరుసంతా కంచాలు సర్దుకోవలసిందే. పెరట్లో ఒక షెడ్డు వేయించండని ఆమె చాలాకాలంగా అడుగుతోంది.

"ఆ గీత దేనికి నాయనా?" అని అడిగింది.

"తెలియదక్కా" అని స్టోరుకీపరు ఆకాశం వైపు చూశాడు.

"నా మొహం చూసి చెప్పు."

"నిజంగా తెలియదు."

"అర్థమైందిలే" అని అక్క వెనుదిరిగింది. ఆ నడకలో తొందర ఉంది.

మేనేజరు హాలంతా ఒక చుట్టు తిరిగి పెరట్లోకి వచ్చేసరికి, నడిబొడ్డున తాను గీసిన చదరంలో బెంచీలు వరుసగా వేసి ఉన్నాయి. పెద్ద గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. టీ విరామానికి వచ్చిన కార్మికులు కంచాలు ఒళ్లో పెట్టుకుని, మోచేతులు రెండూ బార్లా చాపి మరీ తింటున్నారు. అందరికన్నా సీనియరైన ముసలి ఆపరేటరు బెంచీని అరచేత్తో నిమిరి, "కూర్చుని తింటే రుచే వేరబ్బా" అంటున్నాడు.

"అమ్మా, ఇదేమిటి?" అన్నారు మేనేజరు.

"ఏమీ మాట్లాడకండి బాబూ" అంది అక్క, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నోటితో ఒక్క మాట అనకుండా గీత గీసి చూపించారు. పైకి రాయిలా కనిపిస్తారని అందరం అనుకుంటాం గానీ లోపల మనిషే ఉన్నాడు."

"అది కాదమ్మా, నేను చెప్పేదేమిటంటే..."

"మీరు చెప్పొద్దు. మీలాంటివాళ్లు చెప్పడం మొదలుపెడితే మనసు మార్చుకుంటారు. వెళ్లి కూర్చోండి, టీ పంపిస్తాను."

అందరూ ఆయన వైపు చూసి నవ్వారు. ఫ్యాక్టరీలో తనను చూసి ఇంతమంది ఒక్కసారిగా నవ్వడం, అందులోనూ ఎదురుగా నిలబడి నవ్వడం, మేనేజరుకు కొత్త. ఆ నవ్వును ఆర్పే ధైర్యం ఆయనకు చాలలేదు. పైగా గీత లోపలికి చేరిన సామానును బయటికి లాగమనడం తన బోర్డును తానే కొట్టివేసుకోవడం అవుతుంది. పెరడు ఒక చదరంతో అయిపోలేదు కదా అని సమాధానపడి, టీ తాగి, బావమరిదిని పిలిచారు.

"ఇంకొక గీత వెయ్యాలి. గోడౌను పక్కన."

"అదీ తెలియదనే చెప్పాలా?"

"అసలు నోరే తెరవకు."

తెలియదనడం కన్నా నోరు తెరవకపోవడం మరింత ప్రమాదమని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. గోడౌనుకు పెద్ద డిస్పాచ్ సూపర్‌వైజరు. తయారైన బకెట్లను ఒకదానిలో ఒకటి దూర్చి ఇంటి కప్పును దాటించి పేర్చడంలో సిద్ధహస్తుడు కనుక ఆయనను ఎత్తులాయన అంటారు. ఆయన యజమానికి దూరపు చుట్టం. ఫ్యాక్టరీలో సూది కింద పడినా యజమానికి ఆ చప్పుడు ఈయన ఫోనులోనే వినిపించేది. రెండో చదరం గీసి మేనేజరు చేతులు దులుపుకునేలోగానే బకెట్ల దొంతరలు నడిచి వచ్చినట్టు వచ్చి అందులో నిలబడ్డాయి.

"మీరు న్యాయం తెలిసిన మనిషి సార్" అన్నాడు ఎత్తులాయన.

"ఎందుకు?"

"క్యాంటీనుకు ఇచ్చి మాకు ఇవ్వకపోతే నేను ఊరుకోనని మీకు తెలుసు. అడిగించుకోకుండానే ఇచ్చారు. ఇప్పుడే పెద్దాయనకు ఫోను చేసి మీ గురించి చెబుదామనుకుంటున్నాను."

"అది మీ కోసం కాదండీ."

"మరి ఎవరి కోసం?"

టవరు కోసమని చెబితే, టవరుకు ఇంతవరకూ చోటే కుదరలేదన్న వార్త తక్షణం యజమాని చెవిన పడుతుంది. యజమాని చెవినుంచి అల్లుడి చెవికి దూరం ఎంతో లేదు.

"మీ కోసమే. ఫోను మాత్రం చేయకండి. నాకు పొగడ్తలు గిట్టవు" అన్నారు మేనేజరు చివరికి.

"ఎంత పెద్ద మనసండీ" అని ఎత్తులాయన ఇంకొక దొంతర తెప్పించాడు.

ఆ తరువాత జరిగినదానికి ఎవరినీ తప్పు పట్టలేము. క్యాంటీనుకు చోటు దక్కింది. డిస్పాచ్‌కు దక్కింది. కళ్లున్న ఏ మనిషైనా దీని నుంచి ఒకే ఒక ముగింపుకు వస్తాడు. మేనేజరుగారు ఈ రోజు చోట్లు పంచుతున్నారన్న వార్త యంత్రాల హాలులో ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. బకెట్లు తీసే చేతులు బకెట్లు తీస్తూనే ఉన్నాయి గాని, చూపులన్నీ కిటికీలోంచి పెరట్లోకి పరుగెత్తాయి. ఖాళీ నేల తరిగిపోతోంది. ఆలస్యం చేసినవాడికి ఏమీ మిగలదు. స్టోరు కిటికీ ముందు జనం విరగబడ్డారు.

"సున్నం."

"నాకూ సున్నం. ముందొచ్చింది నేను."

"మీరు ఇందాకే తీసుకున్నారు కదమ్మా."

"అది పొడవుకి. ఇది వెడల్పుకి."

ఆజ్ఞ ఆజ్ఞే కనుక స్టోరుకీపరు ఎవరినీ ఎందుకని అడగలేదు. డబ్బా తరువాత డబ్బా ఖాళీ అవుతుంటే అతడికి కూడా ఏదో ఉత్సాహం పుట్టుకొచ్చి, గీత తిన్నగా రావాలంటే పురికొసను ఎలా బిగించాలో అందరికీ నేర్పించడం మొదలుపెట్టాడు. అచ్చుల మేస్త్రీ తన అచ్చుల బీరువాల కోసం పెద్ద చదరం గీసుకున్నాడు. ప్యాకింగ్ ఆడవాళ్లు గోడ నీడన పొడవాటి గీత గీసి, చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ గీత ఎంత హాయిగా ఉందో ఒకరికొకరు చెప్పుకున్నారు. సైకిళ్లవాళ్లు సైకిళ్లకు గీసుకున్నారు. సైకిలు లేనివాడొకడు, కొన్నప్పుడు చోటు ఉండదేమోనని ముందుగానే గీసి పెట్టుకున్నాడు. ఎలక్ట్రీషియన్ దగ్గర పురికొస పొట్టిది కావడంతో ఒక కొస నేలకు గుచ్చి, రెండో కొస పట్టుకుని చుట్టూ తిరిగి సున్నగా గీశాడు. గుండ్రంగా గీస్తే చెల్లుతుందా చెల్లదా అని అచ్చుల మేస్త్రీతో వాదం ముదిరింది. వాచ్‌మన్ మొదట తన స్టూలు చుట్టూ మాత్రమే గీసుకున్నాడు. తరువాత కాళ్లు చాపుకునే మేర పెంచాడు. ఆ తరువాత ఒక రుచి మరిగినట్టయి, గేటుకు అడ్డంగా ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా లాగించాడు.

మూడో చదరానికి చోటు చూద్దామని మేనేజరు బయటికి వచ్చి, మెట్టు మీదే ఆగిపోయారు. పెరడు తెల్లబడింది. కాలు మోపడానికి గీతకూ గీతకూ మధ్య ఒక పాదం వెడల్పు సందు మాత్రం మిగిలింది. ఎక్కడివారు అక్కడ తమ తమ గీతల్లో, కొత్తగా ఇల్లు కొనుక్కున్నవారిలాగా నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"సార్, గుండ్రం చెల్లుతుందని చెప్పండి" అని ఎలక్ట్రీషియన్ కేక వేశాడు.

"బోర్డు మీద గీత అనే ఉంది. అది గీత కాదు, వంకర" అన్నాడు అచ్చుల మేస్త్రీ.

మేనేజరు ఎవరికీ జవాబు చెప్పకుండా, ఆ సందుల వెంట ఒంటికాలి మీద గెంతుతూ స్టోరు చేరుకున్నారు. ప్రపంచం తలకిందులైనా తన గీతను తాను తొక్కరాదన్న పట్టుదల ఆయనది.

"సున్నం ఎందుకు ఇచ్చావు?"

"అడిగారు."

"అడిగితే ఇచ్చేయడమేనా?"

"ఇవ్వమన్నది మీరే. ఎందుకని అడగొద్దన్నదీ మీరే."

"ఇంకా ఎంత మిగిలింది?"

"వాసన మిగిలింది."

"ఒరేయ్, నా కొంప ముంచావురా."

"ఫ్యాక్టరీలో ఒరేయ్ అనకూడదు సార్" అన్నాడు బావమరిది బాధగా.

సరిగ్గా అప్పుడే గేటు అవతల హారను మోగింది. ముందు లారీ, దాని మీద నీలిరంగు టార్పాలిను కప్పుకుని కొత్త టవరు, వెనుక క్రేను. వాచ్‌మన్ గీత లోపల నిలబడి చేయి అడ్డం పెట్టాడు. ఈ స్థలం తనదనీ, అడగకుండా దాటితే ఊరుకోననీ ఖరాఖండిగా చెప్పాడు. క్రేను డ్రైవరు కిందికి దిగి, గేటు దగ్గరి బోర్డు మొదటి నుంచి చివరిదాకా చదివి, టోపీ తీసి పద్ధతిగా అనుమతి అడిగాడు. వాచ్‌మన్ జీవితంలో అతడిని ఎవరూ దేనికీ అనుమతి అడిగి ఉండలేదు. ఉబ్బితబ్బిబ్బై తానే ముందు నడిచి రెండు బండ్లనూ లోపలికి తీసుకువచ్చి తన గీతలోనే నిలబెట్టించాడు.

మేనేజరు వారికి ఎదురు వెళ్లబోతుండగా గదిలో ఫోను మోగింది. పెరటి అంచున యంత్రాల హాలును ఆనుకొని ఉన్న ఒంటి గది ఆయన ఆఫీసు. పరుగున వెళ్లి ఎత్తారు. అవతల యజమాని.

"దారిలో ఉన్నాను. టవరు వచ్చిందా?"

"వచ్చింది సార్."

"చోటు చూశారా?"

మేనేజరు కిటికీలోంచి చూశారు. తెల్లటి వలలాగా పెరడు, ఆ వలలో చిక్కిన చేపల్లాగా జనం.

"చాలా చోట్లు చూశాం సార్."

"చాలా ఎందుకండీ, ఒకటి చాలు. సాయంత్రానికి మంచి బకెట్ వస్తుందా రాదా, ఆ ఒక్క ముక్క చెప్పండి. అల్లుడు కూడా నా పక్కనే కారులో ఉన్నాడు."

మేనేజరు మంచి బకెట్ ఎలా తయారవుతుందో మొదటినుంచి వివరించడం మొదలుపెట్టారు.

ఈ సంభాషణ ఇలా సాగుతుండగా బయట నడిచిన మరొక సంభాషణను మేనేజరు ఆ తరువాత పలువురి నోట విన్నారు. అందరూ ఒకే విధంగా చెప్పారు కనుక అది నిజమే అయి ఉండాలి.

"ఇక్కడ దింపనా?" అని క్రేను డ్రైవరు అడిగాడట.

"అది క్యాంటీనుది" అన్నాడట స్టోరుకీపరు.

"అక్కడ?"

"డిస్పాచ్‌ది. బకెట్ కదిలిందంటే ఆయన ఫోను తీస్తాడు."

"ఈ గుండ్రం?"

"ఎలక్ట్రీషియన్‌ది. చెల్లుతుందో లేదో ఇంకా తేలలేదు."

"టవరు జాగా ఏది మరి?"

"తెలియదు."

"తెలిసినవాళ్లను పిలువు తమ్ముడూ. నాకు ఇంకో చోట పనుంది."

"తెలిసినాయన ఫోనులో ఉన్నారు. అవతల యజమాని. ఇప్పుడు పిలిస్తే నన్ను పీకి పందిరేస్తారు."

"సరే, నేను బోర్డు చదివాను. గీత లోపల ఇంకొకళ్ల వస్తువు పెట్టి మాటపడే ఖర్మ నాకెందుకు? గీత లేని చోటు ఒక్కటైనా ఉందా మీ ఫ్యాక్టరీలో?"

ఇద్దరూ ముందు చూశారు, వెనుక చూశారు, పక్కలకు చూశారు. కుంగిన పాత టవరు చోటు తప్ప నేల మీద చూడవలసినదేదీ మిగలకపోవడంతో తలలు వాటంతట అవే పైకి లేచాయి. మేనేజరుగారి గది కప్పు నున్నగా, విశాలంగా, ఒక్క గీత కూడా లేకుండా కనిపించింది.

"దాని మీద ఇంతకు ముందు ఏముండేది?"

"ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు. దీనికన్నా బరువు. ఈ స్తంభాలు దాని కోసం కట్టినవే. ట్యాంకు తీసేశాక చుట్టూ గోడలు పెట్టి గది చేసుకున్నారు."

"గీత లేదుగా?"

"లేదు" అన్నాడు స్టోరుకీపరు. ఉదయం నుంచీ అతడు ధైర్యంగా ఇచ్చిన జవాబు అదొక్కటే.

లోపల మేనేజరు వివరణ ఇంకా సాగుతూనే ఉంది. ఇంతలో కిటికీ అవతల ఏదో నీలంగా పైకి వెళ్లింది. గదిలో చీకటి పడింది. నెత్తి మీద భూమ్యాకాశాలు ఏకమైనట్టు ధబ్బుమని చప్పుడైంది. సున్నపు పెచ్చు ఒకటి ఊడి టీ కప్పులో పడింది.

"ఏమిటా చప్పుడు?" అన్నారు యజమాని.

"పని జరుగుతోంది సార్."

"ఎక్కడ?"

మేనేజరు కప్పు వైపు చూశారు. "దగ్గరలోనే సార్" అన్నారు.

ఫోను పెట్టేసి బయటికి పరుగెత్తేసరికి టవరు తన గది మీద నిటారుగా, ఆ గదికి పుట్టుకతోనే తొడిగిన కిరీటంలాగా నిలబడి ఉంది. క్రేను కొక్కెం విడిపించుకుని వెనక్కు తిరుగుతోంది.

"ఏమిట్రా ఇది?"

"టవరు బావా."

"అది నాకూ తెలుసు. అక్కడెందుకు ఉంది?"

"గీత లేదు."

"దింపించు. ఆ క్రేనును ఆపు."

క్రేను ఆగే స్థితిలో లేదు. వాచ్‌మన్ అప్పటికే సలాము కొట్టి దానిని గేటు దాటించాడు. అది పక్కకు తప్పుకోగానే ఆ సందులోంచి యజమాని కారు లోపలికి వచ్చి, గీత ముందు ఆగింది. యజమాని దిగారు. వెనుక తలుపు తెరుచుకుని అల్లుడు దిగి, ఒళ్లు విరుచుకుని, మేనేజరుగారి గది వైపు తనకు కాబోయేదానిని చూసుకుంటున్నవాడిలాగా తేరిపార చూశాడు.

యజమాని తల ఎత్తి టవరును చూశారు.

"ఎవరు పెట్టించారు దాన్ని అక్కడ?"

స్టోరుకీపరు కనుబొమ పైకి లేచింది. చూపు ఆకాశం మీదికి పోయింది. "తె..." అంటూండగా మేనేజరు అడ్డు వచ్చారు.

"నేనే సార్."

"మీ నెత్తి మీదా?"

"చెబుతాను సార్" అన్నారు మేనేజరు. ఏం చెప్పాలో ఆ క్షణాన ఆయనకు తెలియదు. అయినా ఉద్యోగం కోసం మాట్లాడే మనిషికి మాటలు ఎక్కడినుంచో వస్తాయి. "నేల మీద పెడితే గాలికి గోడలు అడ్డు సార్. పైన ఏ అడ్డూ లేదు. నాలుగు వైపులా గాలి ఆడుతుంది." ఈ మాట అన్నాక ఆయనకే అనిపించింది, అది నిజమేనని. "హాలు పక్కనే ఉంది. పైపు ఎక్కువ అక్కర్లేదు. చల్లబడిన నీళ్లు పైనుంచి వాటంతట అవే అచ్చులకు దిగుతాయి. తుంపర గాలిలోనే ఆరిపోతుంది. కింద స్తంభాలు ట్యాంకు మోసినవి." చెప్పేకొద్దీ ఆయన గొంతు పెరిగింది. చేతులు ఆడాయి. ఇంతకాలం ఊరంత పెరడు కొలిచి చూసిన తాను, రోజూ ఏ కప్పు కింద కూర్చుంటారో ఆ కప్పును ఒక్కనాడూ లెక్కలోకి తీసుకోలేదే అన్న ఆశ్చర్యం ఆ గొంతులో ఉత్సాహంగా పొంగింది. "అసలు ఇంకెక్కడ పెట్టినా తప్పే సార్. ఏ ఇంజనీరునైనా పిలిచి అడగండి."

"మరి ఈ గీతలేమిటి?"

మేనేజరు ఒక్క క్షణం చుట్టూ చూశారు. క్యాంటీన్ అక్క గరిటె గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఎత్తులాయన ఫోను జేబులోంచి సగం బయటికి తీసి ఉంచాడు.

"టవరు కింద ఉంటే ఈ చోటంతా అదే మింగేసేది సార్. పైకి పోయింది కాబట్టి ఇది మిగిలింది. మిగిలినదాన్ని వీళ్లకు పంచాను."

యజమాని మెల్లగా నడిచి ఒక్కొక్క గీతా చూశారు. బెంచీల మీద కూర్చున్నవారిని చూశారు. ప్యాకింగ్ ఆడవాళ్లు చాపుకున్న కాళ్లు ముడుచుకోబోతే వద్దని సైగ చేశారు. ఎలక్ట్రీషియన్ గుండ్రం దగ్గర మాత్రం కొంచెంసేపు ఆలోచించి, "చెల్లుతుందిలే" అన్నారు. అచ్చుల మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఫ్యాక్టరీలో పెళ్లివారి హడావుడి. పైపులు బిగించేవారు, మోటారు కలిపేవారు, కిందినుంచి పైకి సలహాలు అరిచేవారు. ఎవరి చోటు వారికి దక్కిన సంతోషంలో పిలిచినవాడూ పిలవనివాడూ కూడా చేయి వేశారు. పొద్దు వాలకముందే ఫ్యాను తిరిగింది, నీళ్లు జలజలా దిగాయి, అచ్చులు చల్లబడ్డాయి. మొదటి బకెట్ వచ్చింది. యజమాని దానిని బల్ల మీద నిలబెట్టి నాలుగు వైపులా వంగి చూశారు. అది ఎవరి మాటా చాటుగా వినడం లేదు. నిటారుగా నిలబడి ఉంది.

"మీరుండగా నాకు దిగులేమిటండీ" అని మేనేజరు భుజం తట్టి, అల్లుడి వైపు తిరిగి, "నీకు ఇంకెక్కడైనా చూద్దాంలే నాయనా" అన్నారు. అల్లుడికి అందువల్ల ప్రత్యేకంగా బాధ కలిగినట్టు లేదు.

మేనేజరు ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లారో తేలుతూ వెళ్లారో ఆయనకే తెలియదు. కుర్చీ నిలిచింది. కుర్చీతో పాటు ఇన్నేళ్లుగా లేని మర్యాద కూడా దక్కింది. మరునాటి నుంచి ఆయన గదిలో కూర్చుంటే పైన ఫ్యాను హోరు, ఆ హోరు మీద నీటి జోరు. బల్ల ఎంత సన్నగా వణికేదంటే, మీద పెట్టిన పెన్సిలు ఎవరూ తోయకుండానే అంచుదాకా ప్రయాణం చేసి కిందికి దూకేది. లోపలికి వచ్చినవారు పెదవులు కదిలించేవారు. ఆయన వారి మొహం చూసి విషయం ఊహించుకుని సంతకం చేసేవారు. దీనిని గురించి ఎవరికీ ఫిర్యాదు చేయడానికి వీలులేదు. ఆ చోటు తానే ఎంచుకున్నానని అంతమంది ఎదుట చేతులు ఊపి మరీ చెప్పారు.

ఆ నెలలోనే ఒకనాడు యజమాని స్వయంగా ఆయన గదికి వచ్చారు. కప్పు వైపు చూసి, చెవులకు చేతులు అడ్డం పెట్టుకుని, జాలిపడి, ఎంతో ఆప్యాయంగా అన్నారు. "ఇంత గోలలో మీరు కూర్చోవడం నాకేం బాగాలేదండీ. గేటు అవతలి ఖాళీ జాగాలో మీ కోసం పెద్ద కిటికీలున్న గది ఒకటి కట్టిస్తాను. వెళ్తారా?"

ఆ మాటల్లో ఒక్కటి కూడా మేనేజరు చెవిదాకా చేరలేదు. యజమాని కప్పు వైపు చూడడం కనిపించింది, చివరన మొహంలో ప్రశ్న కనిపించింది. ఇక్కడ మీకేమైనా ఇబ్బందిగా ఉందా అని అడుగుతున్నారని ఆయన గ్రహించారు. అవునంటే ఆనాటి తన నిర్ణయం మీద మచ్చ పడుతుంది. అందుకని లేచి నిలబడి, టై సరిచేసుకుని, ఆ హోరుకు పైన వినబడేటట్టు గొంతెత్తి, "అక్కర్లేదు సార్. నాకు ఇదే స్వర్గం. ఇక్కడినుంచి నన్ను కదిలించకండి" అన్నారు.

అంతటి త్యాగాన్ని కాదనడం సభ్యత కాదని యజమాని ఆయన కోరికను మన్నించారు. గేటు అవతలి గదిని మాత్రం అనుకున్న ప్రకారమే కట్టించి, ఖాళీగా ఉంచడం బాగుండదని అందులో అల్లుడిని కూర్చోబెట్టారు.